సామాన్యునికి స్వతంత్ర పార్టీ వలన ఒరిగినదేమి?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)

  

ఒక పల్లెటూరి గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపులు మూయక నిలిచినదనుట చిన్న విషయము కాదు. మన సీమలో గ్రంథాలయమనగా పుస్తకముల బీరువా మాత్రమే కాదు. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది మొదలు, 1918లో మన పొరుగుననున్న వేటపాలెములో సారస్వత నికేతనము వెలసినది మొదలు, గ్రంథాలయమనగా ఊరివారందరు ఒకచోట కూర్చుండి లోకవ్యవహారమును తర్కించుకొను చావడి యని కూడ మనవారు భావించిరి. ఆ ఆచారమును పాటించియే కార్యవర్గమువారు నన్నొక రాజకీయ విషయముపై మాటలాడుమని కోరిరి. నేను ఏ పక్షమునకును ఓట్లడుగ వచ్చినవాడను కాను. ఈ సభలో అన్ని పక్షములవారును ఉన్నారు. అందరికిని ఉపయోగపడు ఒక ప్రశ్నను మీ ముందుంచుటయే నా పని.

ఆ ప్రశ్న యిది: ఉన్నదానిని నిలుపుకొనవలెనని, ఆస్తిహక్కును కాపాడవలెనని, ప్రభుత్వపు జోక్యము తగ్గవలెనని చెప్పు మితవాద పక్షము ఆస్తిపాస్తులు లేని సామాన్యునికి మేలు చేయగలదా? ప్రతిపక్షులు దానిని “ధనికుల పార్టీ” యందురు. ఆ పక్షమువారు “నీ ఇంటిని, నీ చెక్కను, నీ స్వేచ్ఛను కాపాడునది మేమే” యందురు. ఇరువురి మాటలు విని ఊరకుండక, మన యెరుకలోని ఒక పక్షపు చరిత్రను పరీక్షించి చూతము. ఆ పక్షము స్వతంత్ర పార్టీ. దాని ప్రథమాధ్యక్షులు మన నిడుబ్రోలు వారైన ఆచార్య ఎన్. జి. రంగాగారు. కనుక ఇది మనకు పరాయి కథ కాదు.

1959 జనవరిలో నాగపూరులో కాంగ్రెసు మహాసభ జరిగినది. భూమికి గరిష్ఠ పరిమితి విధింపవలెననియు, రైతులు తమ కమతములను కలిపి ఉమ్మడిగా సహకార వ్యవసాయము చేయవలెననియు, ధాన్యపు టోకు వ్యాపారమును ప్రభుత్వమే చేపట్టవలెననియు ఆ సభ తీర్మానించెను. రంగాగారు దీనిని వ్యతిరేకించి కాంగ్రెసును విడిచిరి. అదే సంవత్సరము జూన్ 4వ తేదీన మద్రాసులో రాజాజీ కొత్త పక్షమును ప్రకటించిరి. ఆగస్టు మాసములో బొంబాయిలో సన్నాహక మహాసభ జరిగినది. రంగాగారు అధ్యక్షులు, మీనూ మసానీగారు ప్రధాన కార్యదర్శి, కె. ఎం. మున్షీగారు పెద్దలలో నొకరు. అనుమతులు, లైసెన్సులు, కోటాలు పంచిపెట్టుచు నడచు పాలనకు రాజాజీ పెట్టిన “పర్మిట్ లైసెన్సు కోటా రాజ్యము” అను పేరు దేశమంతట వ్యాపించెను.

రంగాగారు ధనికుల కొమ్ము కాయుటకై పుట్టినవారని ఎవరును అనలేరు. ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చి, రైతులలో తిరిగిన మనిషి వారు. 1936లో లక్నోలో అఖిలభారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు కాగా రంగాగారు ప్రధాన కార్యదర్శి యైరి. జమీందారీల రద్దుకై పోరాడిన చేయియే 1959లో ఆస్తిహక్కు జెండాను పట్టుకొన్నది. ఇది మాట మార్చుటయని కొందరనిరి. కాని వారి దృష్టిలో జమీందారు వేరు, తన అయిదెకరములను తానే దున్నుకొను రైతు వేరు. మొదటివాడు ఇతరుల కష్టముపై బ్రతుకువాడు. రెండవవాడు తన కష్టముపై బ్రతుకువాడు. రెండవవాని గట్టును చెరిపి, అతని ఎడ్లను ఉమ్మడి కొట్టములో కట్టి, ఏ పైరు వేయవలెనో ఉద్యోగి చెప్పు రోజు వచ్చునేమో యని వారు భయపడిరి.

ఆ భయము కేవలము భూస్వామి భయమేనా? కాదు. అధికారమును శంకించు గుణము మన సీమలోని బీదసాదలకును పాతదే. 1921లో చీరాల, పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నుల భారమును ఒప్పుకొనక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు వాకిళ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమున పాకలు వేసికొని నెలల తరబడి యుండిరి. ఆ పాకలలో సాలెవారును, కూలివారును, చిన్న వ్యాపారులును ఉండిరి. “మా అనుమతి లేక మా బ్రతుకును మార్చుటకు నీవెవరవు?” అని ప్రభుత్వమును అడుగుట ధనికులకు మాత్రమే చెందిన హక్కు కాదని మనము ఆనాడే నిరూపించితిమి. స్వతంత్ర పక్షము పలికిన మాటలో ఈ మేరకు సత్యమున్నది.

అయితే ఆ పక్షపు పందిరి క్రిందికి మరెవరు చేరిరో కూడ చూడవలెను. రాజస్థానములో జైపూరు మహారాణి గాయత్రీదేవి, బీహారులో రామగఢ్ రాజా, ఒరిస్సాలో మాజీ సంస్థానాధీశుల ప్రాబల్యముగల గణతంత్ర పరిషత్తు దానిలో చేరిరి. పారిశ్రామికుల చందాలును వచ్చినవి. జమీందారీలపై పోరాడిన రైతు నాయకుడును, మాజీ సంస్థానాధీశులును ఒకే వేదికపై కూర్చుండిరి. మరియొక ప్రక్క మన రాష్ట్రములో గీతకార్మికుల నాయకుడైన గౌతు లచ్చన్నగారు ఆ పక్షమునకు పెట్టనికోటగా నిలిచిరి. కనుక “అది కేవలము రాజుల పార్టీ” యనుట తప్పు. “అది కేవలము రైతుల పార్టీ” యనుటయు తప్పే.

ప్రజలు ఏమి తీర్పు చెప్పిరి? 1962లో లోకసభకు 18 స్థానములు, 1967లో 44 స్థానములు వచ్చినవి. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 1962లో 19, 1967లో 29 స్థానములు గెలిచిరి. కాని 1962లో రంగాగారే తమ సొంత సీమయైన తెనాలిలో ఓడిపోయి, చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి లోకసభకు పోవలసివచ్చెను. 1971లో ఆ పక్షమునకు 8 స్థానములే మిగిలినవి. 1974లో అది భారతీయ లోకదళములో కలిసిపోయెను. రంగాగారు అంతకు మునుపే కాంగ్రెసునకు తిరిగివచ్చి, తరువాత గుంటూరు నుండి లోకసభకు ఎన్నికైరి. పదునైదేండ్లలో పక్షము పుట్టి, పెరిగి, అణగిపోయినది. దాని భావములు మాత్రము చావలేదు. 1991లో పి. వి. నరసింహారావుగారి ప్రభుత్వము పారిశ్రామిక లైసెన్సులను చాలవరకు తొలగించినప్పుడు, రాజాజీ ముప్పది యేండ్ల క్రిందట అడిగినదానిలో పెద్ద భాగము కాంగ్రెసువారి చేతులమీదుగనే నెరవేరెను.

ఇక సామాన్యుని పద్దు తీసి, జమయేదో ఖర్చేదో చూతము.

జమలో మొదట వ్రాయదగినది చిన్నరైతు గట్టు. నాగపూరు తీర్మానములోని ఉమ్మడి సేద్యము దేశమున విరివిగా అమలునకు రాలేదు. కాంగ్రెసు లోపలి వ్యతిరేకతతో పాటు వెలుపలి ఈ పక్షపు పోరాటమును దానికొక కారణము. 1964లో పదునేడవ రాజ్యాంగ సవరణ వచ్చినప్పుడు స్వతంత్ర పక్షము దానిని తీవ్రముగా ఎదిరించెను. ఆ సవరణలోనే, గరిష్ఠ పరిమితికి లోబడి స్వయముగా సాగుచేసికొను భూమిని ప్రభుత్వము తీసికొనినచో అంగడి ధరకు తక్కువ కాని పరిహారమీయవలెనను నిబంధన చేరినది. ఇది పది యెకరముల వానికి ఎంత రక్షయో, అరయెకరము వానికిని అంతే రక్ష.

ఖర్చు వైపు మొదటి పద్దు కౌలురైతు. ఈ పత్తి, మిరప నేలలలో దున్నువాడు వేరు, పట్టాదారు వేరు అగుట సర్వసాధారణము. కౌలు నోటిమాటతో జరుగును. కౌలురైతు పేరు ఏ కాగితములోను ఉండదు. బ్యాంకు అప్పీయదు, పంట పోయినచో పరిహారము పట్టాదారునకు పోవును. అతడు వ్యాపారివద్ద విత్తనము, ఎరువు, పురుగుమందు అరువు తెచ్చి, పంటను అతనికే అప్పగించును. 1956 నాటి ఆంధ్ర కౌల్దారీ చట్టము ఉన్నను, అది పొలము వరకు నడిచి రాలేదు. 2011లో సాగుదార్ల గుర్తింపు చట్టమును, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టమును చేయవలసి వచ్చినదనగా, నడుమనున్న అర్ధశతాబ్దము ఎట్లు గడచినదో మీరే ఊహింపుడు. స్వతంత్ర పక్షము “దున్నువాని స్వేచ్ఛ” యని నినదించినప్పుడు దాని మనస్సులోనున్నది పట్టా గల రైతు. పట్టా లేని రైతు ఆ నినాదమునకు వెలుపల నిలిచెను.

రెండవ పద్దు అప్పు. 1969 జూలై 19వ తేదీన 14 బ్యాంకులను జాతీయము చేసినప్పుడు స్వతంత్ర పక్షము వ్యతిరేకించెను. ఆ చర్యలో లోపములున్నవని వాదింపవచ్చును. కాని పల్లెలలో బ్యాంకు కొమ్మలు విరివిగా వెలసినది ఆ తరువాతనే యని ఇక్కడి పెద్దలకు తెలియును. రైతుల పక్షమని చెప్పుకొన్నది, రైతు గుమ్మమునకు బ్యాంకును తెచ్చిన చర్యకు అడ్డము నిలిచెను. అంగడి స్వేచ్ఛ యొక్కటియే రైతును కాపాడలేదని ఈ జిల్లాలు కన్నీటితో నేర్చుకొన్నవి. 1987-88లో పత్తికి తెల్లదోమ పట్టి, మందులపై మందులు కొట్టి, అప్పులపాలై ఎందరో రైతులు ఈ సీమలో ప్రాణములు తీసికొనిరి. వారిని ఏ ఉద్యోగియు ఫలానా పైరే వేయుమని నిర్బంధింపలేదు. వారు స్వేచ్ఛగానే పత్తి వేసిరి. అప్పు మెడకు చుట్టుకొన్నవాని స్వేచ్ఛ పేరునకే స్వేచ్ఛ.

మూడవ పద్దు కూలివాడు. “గ్రామము తన వ్యవహారము తానే చూచుకొనును, ప్రభుత్వము తప్పుకొనవలెను” అను మాట వినుటకు ఇంపుగా నుండును. కాని గ్రామములో బలవంతుడును ఉండును, బలహీనుడును ఉండును. 1985 జూలైలో మన పొరుగూరు కారంచేడులో దళితులపై హత్యాకాండ జరిగినప్పుడు, ప్రాణములు దక్కినవారు ఊరు విడిచి చీరాలలో తలదాచుకొనిరి. ఆనాడు వారికి కావలసినది ప్రభుత్వము తప్పుకొనుట కాదు. చట్టము ముందునకు వచ్చుట. అధికారమును తగ్గింపవలెనను పక్షము ప్రభుత్వాధికారమును మాత్రమే చూచి, ఊరిలోని అధికారమును చూడనిచో, కూలివానికి అది సగము మాత్రమే చెప్పిన న్యాయమగును.

ఇంతవరకు విని “అయితే మితవాదము పనికిరానిదే” యని మీరనుకొనవచ్చును. తొందరపడవలదు. రాజాజీ గారి జీవితములోని మూడు పనులను చూడుడు. అప్పుడు మన జిల్లా మద్రాసు రాష్ట్రములోనిదే.

1938లో వారి మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టము చేసెను. పాత వడ్డీలను కొట్టివేసి, అప్పును తగ్గించి, రైతు భూమి షావుకారు పాలుగాకుండ ఆపిన చట్టమది. అప్పిచ్చినవాని ఒప్పందపు హక్కును రాజాజీవంటి సంప్రదాయవాదియే తగ్గించెనని మరువరాదు. రెండవది, 1952లో రాజాజీ మరల ముఖ్యమంత్రియై, ధోవతులు, చీరలు నేయుట చేనేతకే విడిచిపెట్టవలెనని కేంద్రమును గట్టిగా కోరిరి. మిల్లు యజమాని స్వేచ్ఛకు ఇది అడ్డే. కాని చీరాల మగ్గమునకు అన్నము. మూడవది, 1953లో గ్రామ ప్రాథమిక పాఠశాలలలో పిల్లలకు దినమునకు ఒక పూట మాత్రమే చదువు, మిగిలిన సమయము తండ్రి వృత్తి నేర్చుకొనుట యను పథకమును వారు పెట్టిరి. ప్రజలలో పెద్ద వ్యతిరేకత వచ్చి, 1954లో కామరాజుగారు ముఖ్యమంత్రియైన పిదప అది రద్దయినది.

మనిషి ఒక్కడే, తత్త్వమొక్కటే. మొదటి రెండు పనులు సామాన్యుని నిలబెట్టినవి, మూడవది అతని బిడ్డను కూర్చుండబెట్టినది. భేదమెక్కడ? మొదటి రెంటిలో రాజాజీ బీదవాని చేతిలోనున్న దానిని – భూమిని, మగ్గమును – పోకుండ కాపాడిరి. మూడవదానిలో బీదవానిని వాడున్నచోటనే ఉండునట్లు చేసిరి. వృత్తిని కాపాడుట వేరు. వృత్తికి మనిషిని కట్టివేయుట వేరు. వలవేయువాని కుమారుడు వలవేయుటకు సిగ్గుపడనక్కరలేదు. కాని వలతప్ప మరొకటి పట్టరాదని శాసించు హక్కు ఎవరికిని లేదు. ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా చెప్పుచున్నది కూడ అదియే కదా!

ఇతర దేశముల చరిత్రయు ఇట్లే యున్నది. ఇంగ్లండులో 1867లో పట్టణపు పనివారిలో అనేకులకు ఓటు వచ్చినది. 1875లో డిజ్రేలీ యను సంప్రదాయపక్ష ప్రధాని పనివారి ఇండ్లను, ప్రజారోగ్యమును గూర్చిన చట్టములు చేసెను. జర్మనీలో బిస్మార్కు సామ్యవాదులను అణచుచునే, 1883లో కార్మికుల అనారోగ్య బీమాను, 1889లో వృద్ధాప్యపు పింఛనును ఏర్పాటు చేసెను. వీరు దయచేతనే చేసిరని నేననను. పనివానికి ఓటో, సంఘమో ఏర్పడి, వాని బలము కనబడిన పిదప చేసిరి. కనుక పక్షపు స్వభావమొక్కటే చాలదు. దానిని అడుగు సామాన్యుని సంఘబలమును ముఖ్యమే.

ఇప్పుడు మన రేవునకు వత్తము. ఈ ఊరు 1970 వరకు గుంటూరు జిల్లాలోను, పిదప ప్రకాశము జిల్లాలోను, 2022 నుండి బాపట్ల జిల్లాలోను ఉన్నది. జిల్లాలు మారినను సముద్రము మారలేదు. పల్లెకారుని ఆస్తి ఏది? పడవ, వల, వాని చేతి నేర్పు. అన్నిటికన్న మిన్న సముద్రముపై వాని వాడుక. దీనికి పట్టా లేదు, సర్వే నంబరు లేదు. పడవను లాగికొను ఇసుకతిన్నెకు దస్తావేజు లేదు. ఆస్తిహక్కును గూర్చి అనర్గళముగా పలుకు పక్షము ఈ ఆస్తిని ఆస్తిగా లెక్కించునా?

ఈ ప్రశ్న ఊహకు చెందినది కాదు. 2008లో వాడరేవు, నిజాంపట్నములను కలుపుచు ఓడరేవులు, పరిశ్రమలు గల నడవా యొకటి ప్రతిపాదింపబడి, దానికై వేలకొలది ఎకరముల సేకరణ మొదలైనది. ఆ వ్యవహారము తరువాత న్యాయస్థానములకెక్కినది. అట్టి సమయమున చిన్నరైతు నోట వచ్చు మాట – “నా భూమిని నా అనుమతి లేక తీయరాదు” – స్వతంత్ర పక్షపు మాటయే. ధనికునికన్న బీదవానికే ఆ మాట ఎక్కువ అవసరము. ధనికుడు మరొకచోట కొనుక్కొనగలడు. 2013లో వచ్చిన కొత్త భూసేకరణ చట్టము ప్రైవేటు సంస్థలకై భూమి తీసికొనవలెనన్నచో నూటికి 80 కుటుంబముల సమ్మతి కావలెనన్నది. అంతకన్న విశేషము, భూమి లేకున్నను జీవనోపాధి పోవు కౌలుదారులను, వ్యవసాయ కూలీలను, మత్స్యకారులను కూడ నష్టపోవు కుటుంబములుగా లెక్కించినది. ఆస్తిహక్కు యను పాత గొడుగును విప్పి, పట్టా లేనివారిని కూడ దాని క్రిందికి తెచ్చుట యన నిట్టిది. నా మాట యంతటి సారాంశము ఇందున్నది: ఆస్తిని కాపాడు పక్షము సామాన్యునికి ఉపకరించుట, వాని దగ్గరనున్నదానిని కూడ ఆస్తియని అది ఎంతవరకు ఒప్పుకొనునో అంతవరకే.

పన్నును గూర్చి ఒక మాట. తక్కువ పన్ను అందరికిని ఇష్టమే. కాని ఇంటిపన్నుతో కలిపి వసూలుచేయు గ్రంథాలయ సెస్సును తలచుకొనుడు. మేడ గలవాడు ఎక్కువ కట్టును, పాక గలవాడు తక్కువ కట్టును. ఆ సెస్సుతో నడచు శాఖా గ్రంథాలయములో మాత్రము ఇరువురి బిడ్డలును ఒకే బల్లవద్ద ఒకే పత్రికను చదువుదురు. పన్ను తగ్గింతుమని వచ్చువానిని ఏ పన్ను తగ్గింతువు, దానివలన నడచుచున్న దేది ఆగును అని అడుగవలెను. పన్ను పెంచుదుమని వచ్చువానిని చీరాల, పేరాలలను తలపించి, ఎవరి అనుమతితో అని అడుగవలెను.

కావున సోదరులారా! ఏ పేరుతో, ఏ జెండాతో ఏ పక్షము వచ్చినను మీరు మూడు ప్రశ్నలు వేయుడు. నీవు కాపాడుదునను ఆస్తిలో నా కౌలు, నా మగ్గము, నా సముద్రము ఉన్నవా? నీవు తగ్గింతునను అధికారములో ప్రభుత్వపు అధికారమే యున్నదా, ఊరి పెత్తనమును, షావుకారు పెత్తనమును కూడ ఉన్నవా? నీవు నిలుపుదునను సంప్రదాయములో నా బిడ్డ నిలువబడునా, కట్టివేయబడునా? ఈ మూటికిని తిన్నగా సమాధానము చెప్పగలిగినది, మితవాద పక్షమైనను మనకు హితమైన పక్షమే. చెప్పలేనిది, బీదవాని పేరే పెట్టుకొన్నను మనకు దూరపు పక్షమే.

ఇట్టి ప్రశ్నలు వేయుటకు చదువు కావలెను. చదువుటకు చోటు కావలెను. ఆ చోటును ఇరువదియైదేండ్లు నిలిపిన కార్యకర్తలకును, చందాదారులకును నా అభినందనములు. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము చేసికొను నాటికి, నేడు వాకిట నిలుచుండి తొంగిచూచుచున్న పిల్లలే ఈ వేదికపై నిలిచి, మనకన్న కఠినమైన ప్రశ్నలు వేయుదురు గాక!